పన్నెండో మలుపు దగ్గర ఫాల్క్

రొన్యా కళ్ళు మూసుకుని, చేతుల్లో లేని స్టీరింగ్ తాళ్ళు లాగుతూ, ఆల్టెన్‌బెర్గ్ మంచు బాటలో తొమ్మిదో మలుపు దాటింది. మనిషి మాత్రం స్టార్ట్ దగ్గర గోడవారగానే ఉంది. పందేనికి ముందు, మంచు మీద జారే బండి స్లెడ్‌ని నడిపే పైలట్లందరూ ఇలా మనసులోనే ఓసారి దాన్ని కిందిదాకా నడిపి వస్తారు. అప్పుడు వాళ్ళని పలకరించే తెలివితక్కువవాడు ఎవడూ ఉండడు.

"రొన్యా..."

ఉన్నాడు. మెకానిక్ ఫాల్క్.

"పదో మలుపులో గోడకి గుద్దించావు కదా! మళ్ళీ మొదట్నుంచీ నడపాలి," అంది కళ్ళు తెరవకుండానే. "ఏంటి?"

"రన్నర్లు వేడెక్కాయి."

కళ్ళు తెరుచుకున్నాయి.

స్లెడ్ కింద ఉండే ఆ ఉక్కు రన్నర్లని మూడు వారాలు గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసింది అతనే. ఉక్కు వెచ్చగా ఉంటే మంచు మీద జోరుగా జారుతుంది. అందుకే పందేనికి ముందు అధికారులు థర్మామీటర్ పెట్టి చూస్తారు, కాస్త ఎక్కువున్నా ఇంటికి పంపేస్తారు. ఇవాళ ఇంటికెళ్తే, ఒలింపిక్స్‌కి మిగిలిన ఒక్క చోటు ప్రత్యర్థి యుట్టాకి పోతుంది.

"ఎలా వేడెక్కాయి?"

"ఎండలో పెట్టాను."

"నువ్వా? మేం వాటి పక్కన గట్టిగా ఊపిరి వదిలితేనే కసురుతావు!"

ఫాల్క్ తన బూట్ల వంక చూసుకున్నాడు. "నువ్వు ఎండలో వార్మప్ చేస్తున్నావు కదా... రన్నర్ల పెట్టె పట్టుకుని అటే వచ్చాను. చూస్తూ ఉండిపోయాను."

వెనక కూర్చుని బ్రేక్ వేసే హెన్రీకె గట్టిగా నిట్టూర్చింది. "రెండేళ్ళకి నోరు విప్పాడు మహానుభావుడు. అదీ అధికారులు రావడానికి పది నిమిషాల ముందు!"

రొన్యాకి ఒళ్ళు మండింది. గుండె దడదడలాడింది కూడా. ఇలాంటి వేళ దడేమిటని ఇంకా మండింది.

"పాతవి బిగించు."

"గీతలు పడ్డాయి. నెమ్మదిగా..."

"నేను నడుపుతాగా! బిగించి, నా కళ్ళముందు నుంచి పో."

"పన్నెండో మలుపు దగ్గర ఉంటాను," అన్నాడు స్పానర్ వెతుక్కుంటూ.

అధికారులు ఉక్కుకి థర్మామీటర్ పెట్టి చూసి తలూపారు. రెండు పరుగుల సమయం కలిపి చూస్తారు. మొదటి పరుగులో రొన్యా యుట్టా కన్నా రవ్వంత ముందుంది. రెండోసారి పదకొండు మలుపులు నీళ్ళలా జారిపోయాయి. పన్నెండులో స్లెడ్ ధడాలున గోడకి తగిలింది. కింద ఆగాక ఇద్దరూ హెల్మెట్లు తియ్యడం కూడా మర్చిపోయి బోర్డు వంక చూశారు.

సెకనులో నూరో వంతు తేడాతో గెలిచారు!

హెన్రీకె కేకకి ప్రేక్షకుల చేతుల్లో వేడి వైన్ ఒలికింది. అంతలో ఫాల్క్ పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"గోడకి తగలడం నా తప్పే. పాత రన్నర్లు..."

"రన్నర్లేం చెయ్యలేదు," అంది రొన్యా, అతని వంక చూడకుండా. "నువ్వు కనిపిస్తావేమోనని చూశాను."

"నూట ఇరవై వేగంలోనా?" అని అరిచింది హెన్రీకె. "వెనక తల దించుకుని ఉన్నాను నేను! నా ప్రాణాలెవరికీ పట్టవా?"

ఫాల్క్ ముఖం చెవులదాకా ఎర్రబడింది. రొన్యా అతని జాకెట్ పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఒలింపిక్స్‌లో మలుపుల దగ్గర నిలబడ్డావో, చంపేస్తాను."

"మరెక్కడ నిలబడమంటావు?"

"ఇక్కడ. స్లెడ్ ఆగే చోట. ఆగాక తీరిగ్గా చూసుకుంటాను."