దువ్వెనకు చిక్కిన విషం

దివ్యశ్రీని చంపినవాళ్లు తుపాకీ వాడలేదు. పరాయి దేశపు రహస్య సందేశాలను విప్పడంలో దిట్ట అయిన ఆ అమ్మాయికి మొదట కాళ్లు చచ్చుబడ్డాయి, తర్వాత జుట్టు ఊడింది, చివరికి ఊపిరి ఆగింది. డాక్టర్లు నరాల జబ్బన్నారు. దహనం కూడా అయిపోయింది.

దివ్యశ్రీ పనిచేసింది అమీర్‌పేటలో జావా కోచింగ్ సెంటర్ బోర్డు చాటున నడిచే గూఢచారి విభాగంలో. దానికి చీఫ్ కృష్ణమోహన్. ఆయన ఏజెంట్ విజయేందర్‌ను పిలిచి తలుపు వేశారు.

"ఇది పాయిజన్ అని నా అనుమానం. బాడీ లేదు. ఒక్క వెంట్రుక దొరికినా చాలు. తర్వాత టార్గెట్ ఎవరో ఏంటో తెలీదయ్యా, త్వరగా!"

మర్నాడు విజయేందర్ వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చే వ్యాపారి వేషంలో బోరబండ గల్లీలు తిరిగాడు. ఊడిన జుట్టును ఉండచుట్టి దాచి గిన్నెలకు మార్చుకోవడం అక్కడి ఆడవాళ్ల అలవాటు. దివ్యశ్రీ తల్లి నాగేశ్వరి ఒక కవరు తెచ్చింది.

"నా బిడ్డది. దువ్వితె కుచ్చులు కుచ్చులు వచ్చేది. పారెయ్య మనసొప్పలే."

"పెద్ద గిన్నె ఇస్తనమ్మా."

"గిన్నె నాకెందుకు, తినే పిల్లనే పాయె. జర చెప్పు బిడ్డా, సవరం జేసి ఎవలకు పెడ్తరు?"

"పెండ్లిపిల్లలకమ్మా."

"మంచిగున్నది. తీస్కపో." నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వృత్తిలో ఎన్నో అబద్ధాలాడిన విజయేందర్, వద్దన్నా పెద్ద గిన్నెను ఆమె గడప మీద పెట్టి కదిలాడు.

పంజాగుట్ట ల్యాబులో విష పరీక్షలు చేసే అనుపమ, పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుడి వెంట్రుకలు కావాలంది. విజయేందర్ తనవే కత్తిరించి ఇచ్చాడు.

రిజల్ట్ వచ్చిన మధ్యాహ్నం ఆమె ముఖం పాలిపోయి ఉంది. "థాలియమనే విషం, సార్. ఆమె వెంట్రుకల కుదుళ్ల దాకా ఉంది. నెలల తరబడి తినిపించిన్రు. మీ వెంట్రుకల్ల సుత ఉంది. కానీ కొత్తగ పెరిగిన కుదుళ్ల దిక్కు లేదు. మీకు పెట్టుడు ఎవరో మధ్యల ఆపేసిన్రు."

విజయేందర్‌కు అన్నం డబ్బా గుర్తొచ్చింది. తనకూ దివ్యశ్రీకీ రోజూ ఇంటి నుంచి డబ్బా తెచ్చింది జోయా. సెంటర్ రిసెప్షన్‌లో కూర్చునే సుర్మా కళ్ల సుందరి. శత్రు ముఠాలో చేరి తమకు వార్తలు చేరవేస్తోందని అందరూ నమ్మిన డబుల్ ఏజెంట్. తను మనసిచ్చిన మనిషి. చలికాలంలో ఉన్నట్టుండి అతనికి డబ్బా మానేసింది. అతడు అలిగాడు కూడా.

చీఫ్ ఫోన్ స్విచాఫ్. సెంటర్‌కు చేస్తే జోయానే ఎత్తింది. "చీఫ్ సార్ లంచ్‌కు కూసుంటున్నరు, విజయ్. ఇయ్యాల నా డబ్బానే."

మెట్రోలో ఒక్క స్టేషన్. మెట్లన్నీ పరుగున ఎక్కి తలుపు తోసేసరికి ముద్ద చీఫ్ పెదవుల దగ్గరుంది. ఒక్క దెబ్బకు అన్నం గోడ మీద పడింది. ఆ డబ్బాలో ఉన్నది ఒక్క పూట తిన్నా ప్రాణం తీసేంత మోతాదని తర్వాత ల్యాబ్ తేల్చింది.

జోయా పారిపోలేదు. చేతులు చాచింది. బేడీలు వేస్తూ అడిగాడు: "నా డబ్బా ఎందుకు ఆపినవ్?"

"వంట జేసి జేసి విసుగొచ్చింది." ఆమె అతని వైపు చూడలేదు.

ఆమెను తీసుకెళ్లాక చీఫ్ రిపోర్టు కాగితాలు ముందుకు లాక్కున్నారు. పెన్ను తీశారు. "నిన్ను ప్రాణాలతో ఎందుకు వదిలిందని రిపోర్టులో రాయమంటావ్?"

"వంటకు విసుగొచ్చిందని రాయండి, సార్."