దొరల పాటకి మూడో గొంతు

సాయంత్రం నాలుగైంది. పిల్లలంతా ఇళ్లకి వెళ్లిపోయారు. బళ్లో సంగీతం గదిలో సియూరి టీచరు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. వెనక బెంచీ మీద ఆమె కూతురు, ఆరేళ్ల నుత్సా, కమలాపండు ఒలుచుకుంటోంది. బయట గురియా కొండల మీద జనవరి వాన సన్నగా పడుతోంది.

స్వరాలు రాస్తే వాటిని మోగించి వినిపించే వెబ్‌సైట్‌లో సియూరి ఓ పాట ఎక్కిస్తోంది. పిల్లలకి తట్టు పోస్తే ఆ కొండసీమలో "దొరలొచ్చారు" అంటారు. కంటికి కనపడని ఆ దొరలు నొచ్చుకోకుండా వెళ్లిపోవాలని తల్లులు మంచం పక్కన కూర్చుని పాడే పాట అది. మూడు గొంతులు మూడు వరసల్లో కలిసి పాడే ఆ పాటలో రెండు గొంతులే దొరికాయి. మూడోది తెలిసిన ముసలమ్మలంతా మట్టిలో కలిశారు. తెర మీద ఆ వరస ఖాళీగా ఉంది.

నేల తుడుస్తున్న బడి ఆయా బాబుత్సా పాట విని చెయ్యి ఆపేసింది.

"ఇంట్లో జబ్బుపిల్ల లేకుండా అది పాడకూడదే తల్లీ. పాడితే పిలిచినట్టే."

"నేను పాడట్లేదుగా పెద్దమ్మా! కంప్యూటర్ పాడుతోంది. దానికి నోరుందా, ముక్కుందా?"

"పిలుపు పిలుపే. ఎవరి చేత పంపితే ఏం?" అని గొణుక్కుంటూ బాబుత్సా బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

సియూరి నవ్వుకుంది. చదువుకున్నదాన్నన్న ధీమా ఆమెది. ఒక్కోసారి ఆ ధీమాయే కొంప ముంచుతుంది. పాట మళ్లీ మళ్లీ మోగేలా పెట్టి తప్పులు వెతకసాగింది.

ఏడోసారి మోగుతుండగా ఖాళీ వరసలో ఓ స్వరం పడింది. దాని పక్కన ఇంకోటి. తన క్లాసు పిల్లలెవరో ఇంటి నుంచి ఆ పేజీలోకి వచ్చారనుకుంది. పేజీ తెరిచినవాళ్ల పేర్లు పైన చూసింది. తన పేరొక్కటే ఉంది.

స్వరాలు పడుతూనే ఉన్నాయి. మూడేళ్లుగా ఊరూరా తిరిగి వెతికిన గొంతు అది. చెరపడానికి ఆమెకి మనసొప్పలేదు.

గదిలో దొరలకి ఇష్టమైన వయొలెట్ పూల వాసన... ఈ చలికాలంలో.

స్పీకర్ కట్టేసింది. రెండు గొంతులు ఆగాయి.

మూడోది ఆగలేదు.

వెనక నుంచి వస్తోంది. నుత్సా పాడుతోంది.

"ఎవరు నేర్పారమ్మా?"

"వాళ్లే."

సియూరి ఒక్క అంగలో వెళ్లి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. పెనంలా కాలిపోతోంది. మెడ మీద ఎర్రగా దద్దుర్లు...

వచ్చిన దొరల్ని పొమ్మనకూడదు. నొచ్చుకుంటే పిల్లని వెంట తీసుకుపోతారు. వాళ్లంతట వాళ్లు లేచేదాకా పాడాలి. ఆ సంగతి అక్కడ పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు, సియూరికీ తెలుసు. పిల్లని ఒళ్లోకి లాక్కుని, ఏడుస్తూనే పాట అందుకుంది.

"ఆపకమ్మా..." నుత్సా గుసగుసలాడింది. "ఇప్పుడే కూర్చుంటున్నారు."

చరణం చివర ఊపిరి తీసుకుంటూ సియూరి అడిగింది. "ఎంతమంది...?"

నుత్సా వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. ఒక్కో కుర్చీకీ ఒక్కో అంకె. కుర్చీలు అయిపోయాయి. వేలు కిటికీ వైపు తిరిగింది... గేటు దాటింది... రోడ్డు వెంట సాగింది.

"నలభై ఒకటి... నలభై రెండు..."

సియూరి పాడుతూనే ఉంది.

నుత్సాకి అంకెలు ఇరవై దాకానే వచ్చు.