రంగూను కాలాలనే పాట

గురవమ్మ పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. పెద్దకొడుకు రాజారత్నం గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. చిత్తూరులో అతని పాటలు పాడని వీధి లేదు. ఆ రోజు మైదానంలో యుద్ధసభ. జపానువాళ్ల చేతిలో ఉన్న రంగూనును బూడిద చేయాలని పాట కట్టి పాడమని సభవాళ్లు కబురు పంపారు.

"పాట రాసినావా నాయనా?"

"రాయలేనమ్మా."

గురవమ్మ విసురుగా లేచింది. "నీ తమ్ముడు దొరస్వామి ఇంగ్లీషోళ్ల పటాలంలో చేరి ఆ బర్మా అడవుల్లో తుపాకి పట్టుకోని ఉండాడు. వాళ్ల పక్క గెలవాలని నాలుగు మాటలు రాసేదానికి నీకు మనసు రాలేదా?"

"ఆ రంగూన్లోనే నా పెండ్లాం, బిడ్డ ఉండారు కదమ్మా!"

"ఆ బర్మాదాన్ని నేనెప్పుడు కోడలనుకున్నాను?"

రాజారత్నం రంగూనులో చాలా ఏళ్లు ఉన్నాడు. అక్కడి అమ్మాయినే పెళ్లాడాడు. తండ్రికి జబ్బని తెలిసి ఒంటరిగా ఓడెక్కి వచ్చాడు. తండ్రి కర్మలు ముగిసేసరికి యుద్ధం ముంచుకొచ్చి దారులన్నీ మూసుకుపోయాయి. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ల విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేస్తున్నాయి.

"ఓడిపోతే తమ్ముడు పోతాడు. ఊరు కాలిస్తే నా బిడ్డ పోతాది. నేనేమని పాడేదమ్మా?"

"నా కొడుకు తిరిగొస్తే సాలు నాకు," అంటూ ఆమె కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక అతడు సభకు బయలుదేరాడు. ఆమె కూడా వెంట నడిచింది.

వేదికెక్కి, తమ్ముడు క్షేమంగా రావాలని రెండు చరణాలు ఆశువుగా పాడాడు. జనం చప్పట్లు కొట్టారు. 'రంగూను' అన్నాడు. 'కాలాలి' అనలేకపోయాడు. వేదిక మీదే కూర్చుని బావురుమన్నాడు.

"వీడు జపానోళ్ల మనిషిరా! దించండి!" ఎవడో అతని చొక్కా పట్టుకుని లాగాడు.

ఆడవాళ్లను తోసుకుంటూ గురవమ్మ వచ్చింది. "సెయ్యి తియ్యబ్బా! నా సిన్నకొడుకు మీ యుద్ధంలోనే ఉండాడు." కొడుకును లేపి ఇంటిదారి పట్టించింది.

వీధి మలుపులో ఆగింది. "బిడ్డ పేరేందిరా?"

"మీమీ."

"నడస్తాదా?"

"నేనొచ్చేటప్పుడు పారాడతా ఉణ్ణింది. ఇప్పుడు పరిగెత్తతా ఉంటాదేమో. బతికుంటే..."

ఆమె అతని నోరు మూసింది. "ఆ మాట అనొద్దు నాయనా."

ఆ సాయంత్రం దీపం ముందు చేతులు జోడించింది. "దొరస్వామిని సల్లగా సూడు స్వామీ. నా మనవరాలు మీమీని..." అంటూ ఆగిపోయింది. వెనక గోడకు ఆనుకుని రాజారత్నం వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"కోడలి పేరు గూడా సెప్పు నాయనా," అంది గురవమ్మ.