ఇస్త్రీ తాత గంట రేటు

పొరపాటు అనే మాటకే పుట్టగతులు లేకుండా చేసిన మొనగాడు లోకంలో ఒక్కడే: ఆ లాండ్రీ ఫ్యాక్టరీలో జీతాలు వేసే గుమాస్తా. అందరూ లెక్కలపులి అంటారు. ఏడేళ్లలో ఒక్క తప్పూ లేదని యజమాని ఇచ్చిన కప్పు ఎప్పుడూ టేబుల్ మీదే ఉంటుంది. కాకపోతే ఆ ఆదివారం మధ్యాహ్నం పులిగారు రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు తొడుక్కొచ్చారు. చొక్కా అయితే ఎద్దు నమిలి ఊసినట్టుంది.

సెలవు రోజు. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. కొత్త గంట రేట్లు ఎక్కించడానికి ఒక్కడే వచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మనిషి వరుస తెరవాలి, రేటు కొట్టాలి, పక్కనున్న ‘ఎప్పటినుంచి’ గడిలో తేదీ వెయ్యాలి, సేవ్ నొక్కాలి. ఈల వేసుకుంటూ నలభై మందిని కానిచ్చేశాడు.

నలభై ఒకటో వరుస తెరవగానే ఈల ఆగిపోయింది.

ఇస్త్రీ తాత.

తాత పోయి నాలుగు నెలలైంది. ఆ వరుసను పులే స్వయంగా మూసేశాడు.

దగ్గు ఎక్కువైందని తాతను ఇస్త్రీ నుంచి మడతల పనికి మార్చారు. రేటు తక్కువ, వచ్చే నెల నుంచి అమలు. కానీ ‘ఎప్పటినుంచి’ గడిలో ఏడాది కిందటి తేదీ పడింది. ఎలా పడిందో పులికి తెలీదట! ఏడాదంతా ఎక్కువ ఇచ్చేశామనుకుని సాఫ్ట్‌వేర్ ఆ డబ్బు వెనక్కి లాగేసింది. మూడు నెలలు తాత చేతికి సున్నా.

“ఒక్కసారి చూడు బాబూ, మందులక్కూడా లేవు,” అని కిటికీ దగ్గర నిలబడి బతిమాలాడు.

“సాఫ్ట్‌వేర్ తప్పు చెయ్యదు తాతా,” అన్నాడు పులి, తలెత్తకుండానే.

మూడో నెలాఖరున తాత మడతల బల్ల మీదే వాలిపోయాడు.

ఇప్పుడు ఆ వరుస తెరుచుకుని ఉంది. గదిలోకి గంజి వాసన వచ్చింది. దాని వెనకే కాలిన గుడ్డ వాసన. పక్క హాల్లో... బుస్స్... ఆవిరి ఇస్త్రీ పెట్టె చప్పుడు.

ఆ హాలు మెయిన్ స్విచ్ పులి కుర్చీ వెనకే ఉంది. తిరిగి చూశాడు. ఆఫ్‌లోనే ఉంది.

బుస్స్...

తెర మీద వరుసలు వాటంతటవే కదిలాయి. పులి సొంత వరుస దగ్గర ఆగాయి. రేటు గడిలో సున్నా పడింది. ‘ఎప్పటినుంచి’ గడిలో ఒక్కో అంకే, తీరిగ్గా... అతను ఉద్యోగంలో చేరిన రోజు.

ఏడేళ్లూ వెనక్కి.

“వద్దు తాతా... ఆగు...”

మెడ మీద వేడి ఊపిరి తగిలింది. ఒక దగ్గు. తర్వాత చెవి పక్కనే, గుసగుసగా...

“సాఫ్ట్‌వేర్ తప్పు చెయ్యదు బాబూ.”

సేవ్.

పులి కప్పూ, చెప్పులూ అక్కడే వదిలేసి పరుగో పరుగు. అక్క ఇంటి తలుపు తోసుకుని లోపల పడ్డాడు. అంతా విని అక్క నడుం మీద చెయ్యి వేసుకుంది.

“జీతం సున్నా అయిందని దెయ్యాన్ని కనిపెట్టావా? భలేవాడివిరా! అయినా ఆయన తేదీ ఎలా పడిందో నీకు తెలీదన్నావు కదా, ఇంకేం భయం?”

పులి నేల చూపులు చూశాడు.

“నేనే కొట్టానక్కా. మొదటి నెల్లోనే కనిపెట్టాను. సరిచేస్తే నా తప్పని బయటపడుతుంది... ఆ కప్పు తీసేసుకుంటారని ఊరుకున్నాను.”

“కప్పు కోసమా?” అంది అక్క.

నవ్వలేదు. అతన్ని కొట్టడానికో దగ్గరికి తీసుకోవడానికో చెయ్యి చాపి, మధ్యలోనే ఆపేసింది.

“మధ్యాహ్నం ఇక్కడ తిని వెళ్లేటప్పుడు ఈ చొక్కా నలిగిపోయి ఉంది కదరా?”

పులి కిందికి చూసుకున్నాడు. ఎక్కడా ముడత లేదు. చొక్కా చేతుల మీద మడత గీతలు కత్తిలా నిలబడి ఉన్నాయి.

అక్క అతని కాలర్ మీద వేలు ఆనించి చటుక్కున వెనక్కి తీసుకుంది.

“ఇంకా కాలుతోందిరా...”