మేకుల మధ్య రాగి గొట్టం

ఏజెంట్ పిచ్చుక తండ్రికి చెవులు దివ్యంగా పనిచేస్తాయి. శత్రువుల రేడియోలో ఎవడైనా దగ్గితే అది జలుబో సంకేతమో ఇట్టే చెప్పేస్తాడు. ఇంట్లో ఆడవాళ్ల మాట మాత్రం ఆ చెవుల్లోకి దూరదు. గూఢచారి విభాగానికి చీఫ్ కాబట్టి దాన్ని జబ్బు అనకూడదు, పాలసీ అనాలి.

"మీ వదిన మనల్ని మోసం చేసింది," అన్నాడు చీఫ్ పిచ్చుకతో, ఫైలు మూసేస్తూ.

వదిన కోడ్ నేమ్ అత్తరు. డబుల్ ఏజెంట్. విదేశీ ముఠా పార్టీల్లో ఏళ్ల తరబడి నవ్వుతూ తిరిగింది. వాళ్ల రహస్య లిపిని విప్పే సైఫర్ కీని ఫిల్ముకెక్కించి, రాగి గొట్టంలో పెట్టి, మూతపడిన కలప డిపోలో పాతానని చెప్పింది. ఏజెంట్లు మెటల్ డిటెక్టర్లతో వెళ్లారు. మిషన్ టింగుమన్న చోటల్లా తవ్వారు. దొరికినవి తుప్పు పట్టిన మడతబందులు.

"పన్నెండింటికి వంతెన మీద మార్పిడి. ఆవిణ్ణి వాళ్లకిస్తాం. వాళ్ల చెరలో ఉన్న మీ అన్నయ్యని వదిలేస్తారు."

"వదిన చెప్పింది నిజమైతే? అక్కడ ఆమెను బతకనిస్తారా నాన్నా?"

"ఆఫీసులో చీఫ్ అను."

"బతకనిస్తారా, చీఫ్?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఒక్క గంట వెతుక్కో. అదీ నీ పోరు పడలేక."

పసుపు హెల్మెట్, హెడ్‌ఫోన్లు, చేతిలో డిటెక్టర్. పిచ్చుక పైపు లీకుల ఇన్‌స్పెక్టర్ వేషంలో డిపో చేరింది. గేటు దగ్గర కాపలా ఉన్న మన మనిషి కోడ్ అడిగాడు. "లీకు ఎక్కడినుంచి?"

"ఎప్పటిలాగే, పైనుంచే."

లోపల మొదటి టింగ్ వినిపించింది. పిచ్చుక తవ్వలేదు. పక్కకొచ్చి, అడ్డంగా మళ్లీ ఊపింది. మోత మాయం. చదునైన తుప్పు ఇనుము ఒక వైపునుంచి రాగిలా గొంతు మారుస్తుంది. ఇంకోవైపునుంచి అడిగితే నోరు పడిపోతుంది. రాగి ఎటునుంచి అడిగినా ఒకటే చెబుతుంది.

బూటు కింద ఏదో గుచ్చుకుంది. కొత్త మేకు. నూనె మెరుపు కూడా పోలేదు. చుట్టూ మట్టిలో అలాంటివే బోలెడు.

"చీఫ్, ఇక్కడెవరో మేకులు చల్లారు," అంది హెడ్‌ఫోన్ల మైకులో.

"కలప డిపోలో మేకులు కాక ముత్యాలుంటాయా?"

"ఇవి కొత్తవి! గొట్టం ముఠావాళ్లకీ దొరకలేదు. మనకీ దొరక్కూడదని చల్లారు. అప్పుడు వదినని మనమే తీసుకెళ్లి అప్పగిస్తాం కదా!"

"మీ వదినతో కారు బయల్దేరింది," అంది చెవిలో చీఫ్ గొంతు.

ఇనుమును వినిపించుకోకుండా మిషన్‌ను సెట్ చేసి వాడాలని ఆఫీసు ఆర్డరు. మేకు ఎదురుకాగానే అది నోరు మూసుకుంటుంది. మళ్లీ తెరిచేలోగా పక్కనున్న రాగిని దాటేస్తుంది. పిచ్చుక ఆ సెట్టింగు తీసేసింది. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డంత గోల. పళ్లు బిగబట్టి, నత్తలా కదిలింది.

గోల అడుగున సన్నగా ఒక టింగ్. అడ్డంగా తిరిగింది. అదే మోత, అదే చోట.

గోళ్లతో తవ్వింది. రాగి గొట్టం. లోపల ఫిల్ము.

"దొరికింది! కారు ఆపండి!"

హెడ్‌ఫోన్లలో ఊపిరి తప్ప ఏమీ లేదు.

"నాన్నా! వినిపిస్తోందా?"

"మీ అన్నయ్య..." అన్నాడు ఆయన.

"తెలుసు," అంది పిచ్చుక. "ఆపండి."

వంతెన మీద కారు కీచుమని ఆగింది. మార్పిడికి గీసిన గీత ఇంకో కారు పొడవు దూరంలో ఉంది. ఆ గీతకి అటు నిలబెట్టిన మనిషిని ముఠావాళ్లు మళ్లీ వ్యాన్‌లోకి తోశారు.

అత్తరు చీఫ్ గదిలోకి వచ్చింది. లిప్‌స్టిక్ చెదరలేదు, పెదవే చిట్లింది. ఇంటరాగేషన్ మన ఆఫీసుదే. బల్ల మీది గొట్టం వైపు ఆమె చూడనైనా లేదు.

"మీ అబ్బాయి నాకు మొగుడు కూడా మావయ్యగారూ. గీత అవతల కనిపించాడు. చిక్కిపోయాడు."

చీఫ్ ఆమె ఫైలు ముందుకు లాక్కున్నాడు.

"నన్ను ప్రశ్నించినప్పుడు టేపు పెట్టారుగా. ఇప్పుడూ పెట్టండి."

పిచ్చుక లేవబోయింది. ఆయన చెయ్యెత్తి వారించి, తనే బటన్ నొక్కాడు.

"నీ మాట అబద్ధమైతే నా కొడుకొస్తాడు. అందుకే నిన్ను అబద్ధం చేశాను. తప్పు నాదేనమ్మా."