హగరి వంపులో తెల్లగడి

హంపమ్మ ఎడమ మణికట్టుకు తోడు యంత్రాన్ని బిగించుకుంది. పట్టీ చర్మాన్ని రెండుసార్లు నొక్కి అంకె చూపించింది. దేహజలం ఎనభై రెండు.

"నీళ్లు నాలుగు లీటర్లు. దూరం ఇరవై రెండు కిలోమీటర్లు. అరవైకి దిగితే మిమ్మల్ని ఎత్తుకురావడానికి డేగ డ్రోను బయలుదేరుతుంది," అని తోడు చెవిలో చెప్పింది. ప్రతి శుక్రవారం చెప్పే మాటలే.

మూడో ద్వారం కాపరి ఎర్రిస్వామి తెర ముందు కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"అక్కా, ఈ పొద్దు అంతా నీ మీదనే ఉండాది. ముందు పోయినోళ్లిద్దరూ డేగ కింద యాలాడుకుంటా వచ్చినారు, గంపలో కోళ్ల మాదిరి. నువ్వు గూడా అట్లే వస్తే ఈ గేటుకు తాళమే."

"గంపలో పట్టే ఒళ్లు కాదులేప్పా నాది. నడిచే వస్తా."

"తొమ్మిదో నిబంధన గుర్తుండాదా?"

"అంచనా లేని చోట నిర్ణయం నడిచేవాళ్లది. దాన్ని ఎవురన్నా ఒక్కసారన్నా వాడినారా?"

"అంచనా లేని చోటు యాడుందక్కా? చీమ యాడ పండుకుంటాదో గూడా దానికి తెలుసు."

తలుపు పక్కకు జరిగింది. ముఖం మీద ఇసుక వేడి తగిలింది.

హంపమ్మ దారి తనిఖీదారు. ఎండిన హగరి ఏటి ఇసుకలో పాతిన గుర్తురాళ్లు నిలబడి ఉన్నాయో లేదో చూడడం ఆమె పని. ఆ రాళ్ల వెంబడి ఊళ్లవాళ్లు ఒక్కొక్కరుగా నడిచి, పొద్దుగూకేలోపు తిరిగి వచ్చేవారు. ఒంటినడక ప్రమాదమని మండలి తేల్చింది. చివరగా మూడు పరీక్షనడకలకు ఒప్పుకుంది. ముగ్గురిలో ఒక్కరైనా సొంత కాళ్ల మీద తిరిగొస్తే ద్వారం ఉంటుంది. లేకపోతే రేపటి నుంచి నలుగురికి తక్కువైతే ఎవరికీ తెరుచుకోదు. మూడో నడక హంపమ్మది.

మొదటి గంట ఆమెకు ఎప్పుడూ పండగే. ఎండకు దాక్కుని జనమంతా బతికే చల్లగూడులో ఆమెకు రెండు గదులు, ఆరుగురు మనుషులు, గోడలోంచి ఆగని గాలిమర హోరు. ఇక్కడ ఆమె అడుగుల చప్పుడు తప్ప ఇంకేదీ లేదు. తిన్నె మీద రాత్రి గాలి గీసిన గీతలను మొదటగా తొక్కేది తనే. వెనక్కి తిరిగి చూస్తే ఒకే వరస పాదాలు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని ఆరేడు గంటలు. ఆ గంటల కోసమే ఆమె మిగతా ఆరు రోజులూ నోరు మూసుకుని బతికేది.

తొమ్మిదో రాయి దగ్గర చిక్కు మొదలైంది. దారిని తిన్నె మింగేసింది. చుట్టూ తిరిగి రావడానికి నాలుగు కిలోమీటర్లు అదనంగా పడ్డాయి. పడమటి గాలి అంచనా కంటే ముందే లేచింది. చివరి రాయిని తాకి వెనక్కి మళ్లి, హగరి వంపు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. సీసాలో అర లీటరు మిగిలింది.

"దేహజలం అరవై రెండు. ద్వారానికి ఇంకా ఆరు కిలోమీటర్లు. రెండు కిలోమీటర్ల తర్వాత అరవైకి దిగుతారు," అంది తోడు.

హంపమ్మ ఆగింది. వంపులో నల్లరాయి అడ్డం తిరిగిన చోట నాలుగు తుంగపోచలు పచ్చగా ఉన్నాయి. వాటి పక్కన నక్క గీరిన గుంట. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తవ్వసాగింది.

గొర్రెలు కాసిన అవ్వ నేర్పిన పని అది. మోచేతి లోతున ఇసుక చల్లబడింది. ఇంకో జానెడు తవ్వితే తడి. చెలమలో నెమ్మదిగా బురదనీళ్లు ఊరాయి. హంపమ్మ రేకుగ్లాసుతో తోడి దూరంగా పోసింది. మళ్లీ ఊరనిచ్చింది. మళ్లీ పోసింది. మూడుసార్లు తోడిపోయనిదే చెలమ నీళ్లు తాగకూడదు.

తోడుకు కళ్లు లేవు. చేతి కదలికలే దానికి తెలుసు. నేలనంతా గడులుగా విడగొట్టిన పటంలో ఆ గడికి నీళ్లు లేవని ఉంది. కాబట్టి ఆమె పారబోస్తున్నది తన సీసాలో నీళ్లే అయి ఉండాలి.

"దాహంతో ఉండి నీళ్లు పారబోస్తున్నారు. మతి తప్పిన లక్షణం. డేగ బయలుదేరింది. చేరడానికి పద్దెనిమిది నిమిషాలు."

హంపమ్మ చెయ్యి ఆగింది.

వెంటనే తోడులోంచి ఎర్రిస్వామి గొంతు వచ్చింది. "అక్కా, ఏం జేస్తాండావు? నీళ్లు పారబోస్తాండావంట?"

"నా మతి బాగానే ఉండాది."

"అయితే కారణం చెప్పు. కారణం చెప్తే డేగ మళ్లుకుంటాది."

కారణం రెండు ముక్కలు. ఇక్కడ చెలమ ఉంది. ఆ మాట నమోదైతే వారంలో నీళ్లు లాగే గొట్టం దిగుతుంది. పన్నెండో రాయి దగ్గర అదే జరిగింది. అక్కడ ఇప్పుడు ఎండిన బొంద మిగిలింది. నక్కలు కూడా రావు.

"చెప్పేదేమీ లేదు. నడక అయిపోలేదింకా," అంది హంపమ్మ.

మూడోసారి తోడిపోసింది. నాలుగో ఊట తేటగా వచ్చింది. ఒక గ్లాసు తాగింది. అరవై రెండు. ఇంకో గ్లాసు. ఊట తొందరపడదు. గ్లాసు నిండడానికి రెండు నిమిషాలు. ఆమె పళ్లు బిగపట్టి కూర్చుంది. అంకె అరవై ఐదు దాటితే మనిషిని ఎత్తే హక్కు డేగకు ఉండదు.

అరవై మూడు.

ఆకాశంలో గరగర వినిపించింది. హంపమ్మ ఆఖరి గ్లాసు ముంచి తాగి, చెలమ మీద తుమ్మకొమ్మ వేసి, దాని మీద తలగుడ్డ పరిచి, పక్కనే కూర్చుంది.

డేగ నీడ ఆమె మీద పడింది. పట్టీలు దిగాయి. "చేతులు పైకెత్తండి."

"ఎత్తను. అంకె చూడు."

అరవై నాలుగు. పట్టీలు ఆమె భుజాలను తాకాయి. ఒకటి చంక కిందికి జారింది. హంపమ్మ ఎదురుగా ఉన్న నల్లరాయినే చూస్తూ కూర్చుంది. మణికట్టు నొక్కుకుంది.

అరవై ఆరు.

పట్టీ ఆగింది.

"దేహజలం పెరిగింది. సీసాలో అర లీటరు అలాగే ఉన్నట్టు డేగకు కనిపిస్తోంది. కారణం చెప్పండి."

"చెప్పను."

"ఆ జవాబు జాబితాలో లేదు."

"అయితే రాసుకో."

డేగ గాలిలో అటూ ఇటూ ఊగింది. చివరికి తోడు, ఆమె ఎన్నడూ వినని వాక్యం ఒకటి పలికింది. "లెక్క కుదరలేదు. ఈ గడికి ఇక అంచనా లేదు. నిర్ణయం మీది."

"నడుస్తా," అని లేచింది హంపమ్మ. డేగ తేలిపోయాక తలగుడ్డ దులుపుకుంది.

సాయంత్రం నాలుగున్నరకు ద్వారం చేరింది. ఎర్రిస్వామి తెర వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఒలిచిన కాయలు అలాగే ఉన్నాయి.

"నడిచే వచ్చినావు, సరే. ఇది చూడు. పటంలో వంపు కాడ ఒక గడి తెల్లగా అయ్యింది. దాని చుట్టూరా ఎనిమిదింటికి గూడా అంకె నిలబడ్ల్యా. యాడ తాగినావక్కా? నాకన్నా చెప్పు."

"పదేండ్లుగా ఈ కుర్చీ దిగినావా నువ్వు? నడువు. నీకే కనపడుతుంది."

ఎర్రిస్వామి నవ్వబోయి మానుకున్నాడు. కుర్చీలో కూర్చుని వచ్చే శుక్రవారం నడక కింద తన పేరు ఎక్కించాడు. అతనిది మోకాలి నొప్పి. యాభై తొమ్మిదేళ్లు. అలాంటివాళ్లకు ప్రమాదాంకె ఎర్రగా వచ్చి ద్వారం బిగుసుకుంటుందని అతనికి తెలుసు. ఎందరినో అలాగే వెనక్కి పంపాడు.

దారి గీత తెర మీద సాగి తెల్లగడి దాకా వచ్చి ఆగింది. ప్రమాదాంకె ఉండాల్సిన చోట ఏమీ రాలేదు. అంచనా లేని చోట నిర్ణయం నడిచేవాళ్లది.

తలుపు గడియ వదులైన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.