మిడత ఎందుకు పల్టీ కొట్టింది?

గిరక పెదవుల మధ్య రెండు స్క్రూలు పట్టుకుని, ఇంకో స్క్రూ బిగిస్తోంది. అందుకే తమ్ముడు పిలిచినప్పుడు "ఊఁ" అని మాత్రమే అనగలిగింది.

"అక్కా..."

"ఊఁ."

"అదీ... ఏమిటంటే..."

గిరక స్క్రూలను అరచేతిలోకి ఉమ్మేసింది. "తెలుసురా! స్పీడు చాలట్లేదు, అంతేగా? అందుకే కదా పెద్ద మోటారు వేస్తున్నాను!"

తమ్ముడు చెప్పాలనుకున్నది అది కాదు.

వాడిని ఇంట్లో అందరూ నిదానం అని పిలుస్తారు. లేవడం నిదానం, తినడం నిదానం, ఇక మాట సంగతి చెప్పనే అక్కర్లేదు. "అదీ... ఏమిటంటే..." అని మొదలుపెడతాడు. తర్వాత ఒక్కో మాటనూ అటక మీది నుంచి నిచ్చెన వేసి దించుతున్నట్టు తెస్తాడు. ఈలోగా అక్క ఆ మాటను తనే పూర్తి చేసి, దానికి జవాబు కూడా తనే చెప్పేసి, వేరే పనిలో పడిపోతుంది. ఊరికే గిరక అనే పేరు రాలేదు. ఆ పిల్లకు కాలు నిలవదు, చెయ్యి నిలవదు, నోరైతే అసలే నిలవదు.

ఇద్దరికీ కలిపి ఒక రిమోట్ ట్రక్కు ఉంది. రాళ్లూ గుంతలూ ఎక్కి దిగే రకం. పేరు మిడత. మామయ్య కొనిచ్చిన రోజే అక్కాతమ్ముళ్లు ఒప్పందం చేసుకున్నారు. విప్పడం, బిగించడం, బాగుచేయడం గిరక వాటా. నడపడం నిదానం వాటా. మాటలో ఎంత మెల్లనో, రిమోట్ పట్టుకుంటే వాడి బొటనవేళ్లు అంత చురుకు. ఒకరికి రాని పని ఇంకొకరికి వచ్చు. ఇంతకన్నా గిట్టుబాటయ్యే భాగస్వామ్యం ఎక్కడ దొరుకుతుంది?

మర్నాడు శనివారం. బడి వెనక నీళ్ల ట్యాంకు కోసం తవ్విన మట్టి దిబ్బగా పడి ఉంది. దాని మీద పీటీ సారు ట్రక్కుల పందెం పెడుతున్నారు. మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్ల ఫోటో, పేర్లతో సహా, నోటీసు బోర్డు మీద పెడతారు. నిదానానికి ఆ ఫోటో కావాలి. తరగతిలో వాడు మాట్లాడితే ఎవరో ఒకరు మధ్యలో అందుకుంటారు. బోర్డు మీది పేరును మాత్రం ఎవరూ మధ్యలో ఆపలేరు కదా అని వాడి ఆశ.

గిరకకు ఆ ఆశ తెలుసు. అందుకే వారమంతా బేరాలే బేరాలు. తన స్కేటింగ్ బూట్లు ఇచ్చి పెద్ద మోటారు తెచ్చింది. రంగు పెన్నుల డబ్బా ఇచ్చి లావు టైర్లు, వాటితో పాటు కొసరుగా గట్టి స్ప్రింగులు పట్టుకొచ్చింది. పెద్ద మోటారుకు తిండి ఎక్కువ కాబట్టి, చదరంగం బల్ల ఇచ్చి పెద్ద బ్యాటరీ సంపాదించింది. ఆ బల్ల తమ్ముడిది కూడా అన్న సంగతి బేరం కుదిరాక గుర్తొచ్చింది. ఇక మిడత పాత స్ప్రింగులు మిగిలాయి. మెత్తగా, వదులుగా, ఎందుకూ కొరగానట్టు ఉన్నాయి. వాటిని తన తరగతిలో కళ్లజోడు అనే అమ్మాయికి ఇచ్చి, మెరిసే స్టిక్కర్ల షీటు తీసుకుంది.

"పాత స్ప్రింగులకి మెరిసే స్టిక్కర్లు! పాపం, ఎంత అమాయకురాలో!" అని జాలి కూడా పడింది.

నాన్నది పాత సామాన్ల కొట్టు. కుర్చీలు, బల్లలు, బీరువాలు కొని, తుడిచి, అమ్ముతాడు. కొట్టు వెనక గదిలో కాలు విరిగిన బల్ల ఒకటి ఉంది. అదే గిరక వర్క్‌షాపు. కొత్త బ్యాటరీ మిడత మధ్యలో ఉన్న పాత గూట్లో పట్టలేదు. గిరక దాన్ని ట్రక్కు వెనక భాగం మీద పెట్టి, టేపుతో చుట్టింది.

"అక్కా, ఆ బ్యాటరీ..."

"ఊడదురా! బోలెడు చుట్లు చుట్టాను."

"అది కాదు. అదీ... ఏమిటంటే..."

"రంగు బాలేదా? పైన స్టిక్కర్లు వేస్తాగా!"

నిదానం నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు ఒక్కటే ఆ రోజు వాడు పూర్తిగా చేయగలిగిన పని.

అప్పుడే కొట్లోకి ఒకాయన చేతుల కుర్చీ మోసుకొచ్చాడు. నాన్న ముక్కాలిపీట మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఆయన వంక చూశాడు. గిరక తలుపు సందులోంచి తొంగి చూసింది.

"ఉక్కు కుర్చీ అనుకోండి. మా ఇంట్లో అందరికీ ఇదంటే ప్రాణం," అన్నాడాయన.

నాన్న పలకలేదు.

"అసలు అమ్మాలనే లేదు."

నాన్న తల మాత్రం ఊపాడు.

"చూడండి, ఒక్క గీత పడలేదు. ఎందుకంటే దీంట్లో ఎవరూ కూర్చోరు."

నాన్న కన్ను ఆర్పలేదు. కుర్చీ తెచ్చినాయన నుదురు తుడుచుకున్నాడు.

"అంటే... వెనక్కి వాలితే కొంచెం పడేస్తుందనుకోండి. ఎవరినో కాదులెండి, మా మావగారిని."

అప్పుడు నాన్న నోరు విప్పాడు. బేరం చక్కగా కుదిరింది. ఆయన వెళ్లగానే గిరక బయటికి దూకింది.

"నాన్నా! నువ్వు ఒక్క మాటా అడగలేదే!"

"అడిగితే ఆయన ఆగిపోయేవాడమ్మా. అసలు సరుకు ఎప్పుడూ సంచి అడుగునే ఉంటుంది. పైవన్నీ బయటికొచ్చేదాకా ఓపిక పట్టాలి."

"మరి చేతుల మీద ఎందుకు కూర్చున్నావు?"

"అవి ఊరుకోవు. తొందరపడి సరుకు అందుకుంటాయి."

"అంతసేపటికి నేనైతే కొట్టు నిండా కుర్చీలు కొనేసేదాన్ని!"

"కొనేసేదానివే," అన్నాడు నాన్న. "అన్నీ పడేసేవే."

శనివారం పొద్దున మట్టిదిబ్బ చుట్టూ బడి సగం మూగింది. మిడత ఒళ్లంతా స్టిక్కర్లతో తళతళలాడుతోంది. "అబ్బో!" అన్నారు పిల్లలు. గిరకకు ఆ "అబ్బో"తోనే సగం పెట్టుబడి తిరిగొచ్చినట్టనిపించింది.

"మూడు రౌండ్లు. ఎవరి మంచి రౌండు వాళ్లకి లెక్క. రెడీ!" అని పీటీ సారు విజిల్ ఊదారు.

ట్రక్కులన్నీ ముందుకు దూకాయి. మిడత పైకి దూకింది. ముందు చక్రాలు గాల్లోకి లేపి, పందెం చూడటానికి వచ్చినదానిలా నిటారుగా నిలబడి, వెనక్కి పల్టీ కొట్టి వెల్లకిలా పడింది. చక్రాలు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

"అక్కా, అదీ... ఏమిటంటే..."

"తెలుసు తెలుసు! టైర్లు పట్టట్లేదు!" గిరక టైర్లు విప్పి మళ్లీ బిగించింది. పనిలో పనిగా గేర్లు సడలించింది, స్ప్రింగులు ఇంకాస్త బిగించింది, ఇంకేదో తిప్పింది. ఏం తిప్పిందో తనకే తెలియలేదు.

రెండో రౌండులో మిడత మొదటి గుంత దాకా వెళ్లింది. అక్కడ బంతిలా ఎగిరి, గాల్లోనే తిరగబడి, సరిగ్గా పీటీ సారు బూటు మీద వెల్లకిలా పడింది.

"అది మిడత కాదురా, బొద్దింక!" అని ఎవడో అరిచాడు. దిబ్బంతా ఒకటే నవ్వులు. సారు కూడా విజిల్ అడ్డం పెట్టుకుని నవ్వారు.

నిదానం నవ్వలేదు. మెల్లగా వచ్చి, రిమోట్‌ను అక్క చేతిలో పెట్టాడు.

"నువ్వే తోలు," అన్నాడు.

ఇందులో "అదీ" లేదు, "ఏమిటంటే" లేదు. వాడు ఏ మాటనూ అంత చప్పున పూర్తి చేయగా గిరక ఎప్పుడూ వినలేదు. నోరెళ్లబెట్టింది.

వాడు వెళ్లి ఇటుకల కుప్ప దగ్గర కూర్చున్నాడు. గిరక మనసులో లెక్క వేసుకుంది. బూట్లు పోయాయి. పెన్నులు పోయాయి. చదరంగం పోయింది. ఇప్పుడు డ్రైవర్ కూడా పోతున్నాడు. వాడిని ఏ బేరంలో ఇచ్చేసిందో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఉన్నట్టుండి కుర్చీ ఆయన గుర్తొచ్చాడు.

గిరక తమ్ముడి ఎదురుగా ఒక ఇటుక మీద చతికిలబడింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"చెప్పరా."

నిదానం అనుమానంగా చూశాడు. "అదీ..."

గిరక నాలుక చివర ఓ వంద మాటలు వరసకట్టాయి. పెదవులు బిగించింది.

"ఏమిటంటే..."

అవతల సారు చివరి రౌండుకు రమ్మని పిలుస్తున్నారు. గిరక కాళ్లు టపటపలాడుతున్నాయి. చేతులు కదలబోతే ఇంకాస్త బరువుగా కూర్చుంది.

"ఆ బ్యాటరీ... వెనక పెట్టావు కదా. బరువంతా వెనకే ఉంది. మోటారు లాగగానే ముందు భాగం లేస్తోంది. ముందు చక్రాలు నేలకి ఆనట్లేదు. నేను ఎటు తిప్పినా దానికి తెలియట్లేదు."

గిరక మొహం పాలిపోయింది. "ఈ మాట ఎప్పటినుంచి చెబుతున్నావురా?"

"నిన్నటి నుంచి."

గిరక లేవబోయింది.

"ఇంకా అవ్వలేదు," అన్నాడు నిదానం. గిరక మళ్లీ కూర్చుంది. "స్ప్రింగులు కూడా గట్టిగా ఉన్నాయి. అందుకే గుంత రాగానే ఎగురుతోంది. పాతవి బాగుండేవి."

ఇద్దరూ ఒకేసారి కళ్లజోడు వంక చూశారు. చివరి రౌండుకు ముందు ఆ అమ్మాయి ఓసారి నడిపి చూసుకుంటున్న ట్రక్కు గుంతల మీద పరుపు పరిచినట్టు పోతోంది. అడుగున మిడత పాత స్ప్రింగులు మెత్తగా ఊగుతున్నాయి.

గిరక పరుగెత్తింది. "స్ప్రింగులు ఇచ్చేయవా? నీ స్టిక్కర్లు నీకు ఇచ్చేస్తా!"

"పీకిన స్టిక్కర్లా?" కళ్లజోడు తన కళ్లద్దాలు సర్దుకుంది. "బేరం అయిపోయింది తల్లీ."

ఎవరు అమాయకురాలో గిరకకు ఇప్పుడు బోధపడింది. తల దించుకుని తిరిగొచ్చింది.

"ఇవ్వదట. ఏం చేద్దాం?" అని అడిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

నిదానం ఆలోచించాడు. ఈసారి గిరక కూడా వాడితో పాటు ఆలోచించింది, కానీ నోరు మూసుకుని.

"బ్యాటరీ ఒక్కటే మార్చు. ఇంకేదీ ముట్టుకోకు. గుంతల దగ్గర నేను మెల్లగా పోతాలే."

గిరక టేపు పళ్లతో కొరికి తెంపింది. బ్యాటరీని తెచ్చి ముందు చక్రాల మీద పెట్టి చుట్టింది. ఇంకో స్క్రూ తిప్పుదామని వేళ్లు దురదపెట్టాయి. స్క్రూడ్రైవర్ తీసి తమ్ముడి జేబులో పెట్టేసింది. నిదానం మిడతను కొంచెం దూరం నడిపి, తిప్పి, వెనక్కి తెచ్చాడు.

"ఎలా ఉంది?"

"అదీ... ఏమిటంటే..."

గిరక ఊపిరి బిగపట్టింది.

"బాగుంది."

విజిల్ మోగింది. మిడత ఈసారి నేలను కరుచుకుని పరుగెత్తింది. గుంత రాగానే నిదానం వేగం తగ్గించాడు, దాటగానే పెంచాడు. ఒక ట్రక్కును దాటాడు, ఇంకోదాన్ని దాటాడు. దిబ్బ ఎక్కి, దిగి, చివరి మలుపు తిరిగేసరికి ముందు ఒక్క ట్రక్కే మిగిలింది. అది కళ్లజోడుది. దాని వెనకే పోతుంటే, అందులో ఊగుతున్న తమ స్ప్రింగులు గీత దాటేదాకా గిరక కళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి.

రెండో స్థానం. బొద్దింక అన్నవాడే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఫోటో తీశాక సారు కాగితం మీద పేర్లు రాయబోయారు. "పెద్దదానివి, నీ పేరు ముందు రాయనా?"

"వద్దు సార్. డ్రైవర్ పేరు ముందు రాయండి," అంది గిరక. సారు రాస్తుంటే నిదానం చివరి అక్షరం దాకా కళ్లార్పకుండా చూశాడు.

సాయంత్రం ఇంట్లో అమ్మ ముందు గదిలో కూర్చుని పందెం కబుర్లన్నీ అడిగి చెప్పించుకుంటోంది. గిరక చేతులు ఊపుతూ పల్టీలన్నీ చేసి చూపించింది. నాన్న పడీ పడీ నవ్వుతున్నాడు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లిన నిదానం తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, అదీ... ఏమిటంటే..."

"ఆకలేస్తోందా? పెడతానులే," అంది అమ్మ.

"ఉండమ్మా!" గిరక అడ్డం వచ్చింది. "వాడి మాట అవ్వనీ."

అమ్మ ఆగింది. నాన్న ఆగాడు. గిరక చేతుల మీద కూర్చుంది. ముగ్గురూ నిదానం వంకే చూశారు. ఇంత మంది తన కోసం ఆగడం వాడికి కొత్త. మొహం విప్పారింది. నిమ్మళంగా, ఒక్కో మాటా పేర్చాడు.

"అదీ... ఏమిటంటే... పొయ్యి మీద... నువ్వు పెట్టిన పాలు... పొంగిపోతున్నాయి."

అమ్మ ఒక్క కేక పెట్టి వంటింట్లోకి పరుగెత్తింది. సగం పాలు అప్పటికే పొయ్యి దిగి, గట్టు మీదుగా నేల మీదికి కాలువ కట్టాయి.

గిరక గుడ్డ తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టింది. తమ్ముడు కూడా పక్కన కూర్చుని తుడుస్తున్నాడు.

"ఒరేయ్," అంది గిరక. "బరువైన మాట ముందు పెట్టాలిరా. బ్యాటరీలాగా."

నిదానం కాసేపు ఆలోచించాడు.

"అక్కా, అదీ... ఏమిటంటే..."

గిరక గుడ్డ పక్కన పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.